చారల పన్ను

నాలుగేళ్ల కిందట గల్ఫ్‌లో, రస్ అల్ ఖైమా దగ్గర ఒక పురాతన సమాధి తవ్వకంలో మూడు వారాలపాటు పళ్లు కొరుక్కుంటూ పళ్లు ఏరాను. చిన్నప్పుడు తాగిన నీటి గుర్తు పంటిలో చివరిదాకా ఉండిపోతుంది. ఐసోటోపు పరీక్ష చేస్తే ఆ మనిషి ఎక్కడ పెరిగిందీ తెలుస్తుంది. అంతకుముందు నేను పరీక్షించినవన్నీ ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్లవే. ఈసారి ఒక్క పంటికే అనుమతి. బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల మీదే నా పరిశోధన; అలాంటివాళ్ల పన్ను దొరక్కపోతే అంతా ఖలాస్.

చివరి రోజు ట్రేల ముందు కూలబడ్డాను. ఎండకీ విసుగుకీ అన్ని పళ్లూ ఒకేలా కనిపిస్తున్నాయి. మట్టి జల్లించే మల్లయ్యది నల్లగొండ. నవ్వితే నోటికి చేయి అడ్డం పెట్టుకునే మనిషి. అతను వంగి, ఒక ఆడమనిషి దవడను చూపించాడు.

"గీమె పన్ను తీస్కోండ్రి సారు. ఈడి నీళ్లు తాగి పెరగలే."

"నీకెలా తెలుసయ్యా?"

చేయి తీసి నవ్వాడు. ఆ దవడ పళ్ల మీద ఉన్న గోధుమరంగు ఫ్లోరైడు నీళ్ల చారలే అతని పళ్ల మీదా ఉన్నాయి.

"లేబర్ క్యాంపుల కొత్తోడొస్తే పాస్‌పోర్టు అడగం సారు. పళ్లు జూసే ఏ దిక్కోడో జెప్తం."

నా చదువంతా కలిపినా అంతకన్నా మంచి ఆధారం నా దగ్గర లేదు. ఆ పన్నే తీసుకున్నాను.

ఆరు నెలలకు ఫలితం వచ్చింది. ఆమె ఎక్కడో దూరాన పెరిగిందట. ఇంకా అక్కడే పనిచేస్తున్న మల్లయ్యకు ఫోన్ చేసి చెప్పాను.

"మరి మళ్ల ఇంటికి వోలేదా సారు?"

"సమాధి అక్కడే ఉంది కదయ్యా."



"లీవియ్యలేదేమో, పాపం," అన్నాడు.