మంద బెదిరిన రోజు

తొక్కిసలాట అనే మాటను నేను ఇబ్రహీంపట్నంలో కాలేజీ పిల్లలకు చెప్పేటప్పుడు రెండు ముక్కలు చేసి చూపిస్తాను. ముందు తొక్కడం, వెనక ఆట. కొట్లాట, తోపులాట, కుమ్ములాట కూడా ఆ వరసలోవే. "మనుషులు సస్తుంటే అండ్ల ఆట ఏముంది మేడం?" అని ఒకమ్మాయి అడిగింది. పేపర్లు ఆ మాటను జాతరలకు, సభలకు వాడతాయి. మాది గొర్రెలు కాసే ఇల్లు, మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ వినలేదు. మంద ఒక్కసారిగా పరుగందుకుంటే బెదిరింది అంటాం, అంతే.

బెదిరిన మంద వెంట పరుగెత్తకూడదనేవాడు మా బాపు. "నువ్వు ఉరికితే అవి ఇంకింత ఉరుకుతయ్. ఉన్నకాడనే కూసొని పిలువు." నాలుక ఆడిస్తూ ట్ర్ర్ర్ అని పిలిచేవాడు. గొర్రెలు పెద్ద గుండ్రం తిరిగి ఆయన గొంతు దగ్గరికే వచ్చి ఆగేవి. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో! అప్పుడు బీడు భూములుండేవి, తిరగడానికి జాగా ఉండేది.

ఇప్పుడు ఆ బీడంతా వెంచర్. అమ్ముడుపోని ప్లాట్లలో గడ్డి బాగా మొలుస్తుంది, కాపలా అతను ఏమీ అనడు. ఆ రోజు బాపుకు సద్ది తీసుకుపోయాను. మంద లోపల మేస్తోంది. చుట్టూ కొత్తగా కట్టిన గోడ మనిషెత్తు ఉంది. గేటు ఒక్కటే, అదీ రోడ్డు వైపు. బాపు గోడ బయట, వెనక వైపు నీడలో కూర్చుని తింటున్నాడు. అంతలో పక్క వెంచర్‌లో ఓపెనింగ్ అట, పటాకుల లడి అంటించారు.

గోడ అవతల ఒక్కసారిగా డెక్కల చప్పుడు. బాపు లేవలేదు. ఎంగిలి చేత్తోనే కూర్చుని పిలిచాడు, ఆగకుండా పిలిచాడు. జీవితమంతా చేసిన పనే చేశాడు. మధ్యలో గోడ ఉందన్న సంగతి ఆయనకు తట్టలేదు. చప్పుడు మా వైపే వచ్చి గోడకు దబదబా తగిలింది. నేను ఇటుకల కుప్ప ఎక్కి చూశాను. అయ్యో తల్లీ! ముందొచ్చినవి గోడకు అతుక్కుపోయి ఉన్నాయి, వెనకవి వాటిమీదికి ఎక్కుతున్నాయి.

"బాపూ, పిలవకు!" అని అరిచాను. ఆయన గొంతు ఆగింది.

గోడ చుట్టూ తిరిగి గేటులోంచి పోయేసరికి అడుగునున్నవి చచ్చిపోయాయి. గాయాల్లేవు, ఊపిరాడకనే పోయాయని పశువుల డాక్టరు చెప్పాడు. వెంచర్ మేనేజర్ వచ్చి, "తొక్కిసలాట అయిందా పెద్దాయనా? దానికి మేమేం జేస్తం?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అతన్నీ, పటాకులు కాల్చినవాళ్లనీ నోటికొచ్చినట్టు తిట్టాను. బాపు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆళ్లనేమంటవ్ బిడ్డా. పటాకులకు ఉరికినయ్, గంతే. గోడకాడికి నేనే తెచ్చిన. నా పిలుపుకొచ్చి సచ్చినయ్."

మిగిలిన మందను ఆయన ఇంకా మేపుతూనే ఉన్నాడు. వెనక నుంచి కర్రతో అదిలించి తోలుతాడు, నోరు మాత్రం విప్పడు. గొర్రెలు కొంత దూరం పోయి ఆగుతాయి. వెనక్కి తిరిగి ఆయన నోటివైపు చూస్తాయి.