గోడ ముందు భోజనం

కోస్గిలో హనుమంతు రంగుల షెడ్డు ఎక్కడని అడిగితే ఎవరూ దారి చెప్పరు, వాసన పట్టుకొని పొమ్మంటారు. ఒకప్పుడు ఆ ఊళ్లో కిరాణా దుకాణం నుంచి మంగలి షాపు దాకా ప్రతి బోర్డు మీదా ఆయన అక్షరాలే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని ఊడ్చుకుపోయాయి. ఇంకొకరైతే కుంచెలు అటకెక్కించేవారు. హనుమంతు మాత్రం, తెలంగాణ వచ్చిన కొత్తలో బడి గోడలకు బొమ్మలు వేసే పని దొరికితే, చుట్టూ మూగిన పిల్లల చేతికి తలా ఒక కుంచె ఇచ్చాడు. అట్లా పెయింటరు కాస్తా గురువయ్యాడు. ఆయన దగ్గర నేర్చుకున్న ఒకడు ఇప్పుడు సినిమా సెట్లకు రంగులు వేస్తున్నాడు, ఒకమ్మాయి చీరలకు డిజైన్లు గీస్తోంది. వాళ్ల సంగతి చెప్పేటప్పుడు ఆయన మీసం దానంతటదే లేస్తుంది.

ఆయన నేర్పే చదువులో వింతైనది పరీక్ష. మార్కులుండవు, మెచ్చుకోళ్లుండవు. బొమ్మ పూర్తయ్యాక ఆ గోడ గల ఇంటివాళ్లు దాని ముందు కూర్చుని అన్నం తినాలి. ఎటు తిరిగి కూర్చోవాలో ఎవరూ చెప్పకూడదు.

"నోటితోని అందరు మంచిగుందనే అంటరు. వీపుకు మొహమాటం తెల్వది," అంటాడు హనుమంతు.

ఆయన శిష్యుల్లో నాగరాణి చెయ్యి అందరికంటే చురుకైనది. ఇంటర్ అయిపోయింది, పట్నంలో బొమ్మల కాలేజీలో చేరాలని ఆశ. వాళ్ల నాయిన కురుమయ్య గొర్రెలు కాస్తాడు. ఆయన అప్పటికే కూతురికి షాద్‌నగర్‌లో ఒక కంపెనీలో పని మాట్లాడి పెట్టాడు.

"బొమ్మలు గీసి ఎట్ల బతుకుతది హనుమంతన్నా? వచ్చే నెల పంపిస్తున్న," అన్నాడు.

"మీ ఇంటి గోడ ఒక్కటియ్యి. పిల్ల బొమ్మ ఏస్తది. అది చూసినంక నీ ఇష్టం."

గోడే కదా అని కురుమయ్య ఒప్పుకున్నాడు.

నాగరాణి మంచు కొండలు వేసింది, నీలం చెరువు వేసింది, అందులో హంసలు వదిలింది. హనుమంతుకు ఆ బొమ్మ నచ్చలేదు. అయినా పరీక్ష అయ్యేదాకా ఆయన శిష్యుల బొమ్మ మీద చెయ్యి పెట్టడు, మాటా పెట్టడు. నాగరాణి తల్లి గుర్వమ్మ జొన్నరొట్టెలు వడ్డించింది. కురుమయ్య గోడ వైపు ఓసారి చూసి "మంచిగుంది బిడ్డా" అని, దానికి వీపు పెట్టి, వాకిట్లో ఉన్న గొర్రెల దొడ్డి వైపు తిరిగి తిన్నాడు.

నాగరాణి ముఖం వాడిపోయింది. హనుమంతు కూడా కంగారుపడ్డాడు, ఎందుకంటే తన పొరపాటు అప్పుడు తట్టింది. గొర్రెల కాపరి మందకు వీపు పెట్టి తినడు. ఎంత మంచి బొమ్మ వేసినా ఈయన దొడ్డి వైపే కూర్చుంటాడు. ఇది ముందే ఆలోచించకుండా పిల్ల బతుకును ఈ పరీక్షకు కట్టేశానా అని తనను తానే తిట్టుకున్నాడు.

మర్నాడు నాగరాణి గోడకు సున్నం కొట్టేసింది.

"గా కొండలు నువ్వెప్పుడన్న చూసినవా?" అని అడిగాడు హనుమంతు.

"ఫోన్ల చూసిన సార్."

"మరి చిన్నప్పటి సంది ఏం చూసినవ్?"

"గొర్ల వీపులు," అని నవ్వేసింది.

"మరి గవ్వే గియ్యి."

ఈసారి గోడ నిండా గుట్ట ఎక్కుతున్న మంద. ఒక్క గొర్రె ముఖమూ కనబడదు. వీపులు, తోకలు, లేస్తున్న దుమ్ము, ఆ దుమ్ములో పొద్దుగూకే ఎండ.

బొమ్మ పూర్తయిన రోజు భోజనానికి కురుమయ్య అలవాటుగా దొడ్డి వైపు తిరిగి కూర్చున్నాడు. రొట్టె తుంచాడు. మెడ తిప్పి గోడను చూశాడు. మళ్లీ దొడ్డిని చూశాడు. మళ్లీ గోడను. కాసేపటికి పళ్లెం పట్టుకుని లేచి, సొంత మందకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. దొడ్డి తడిక సందులోంచి దూరి వచ్చిన గొర్రెపిల్ల ఆయన పళ్లెంలోంచి రొట్టె లాక్కుపోయినా ఆయనకు తెలియలేదు. గుర్వమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. హనుమంతుకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి, అంత సంతోషమేసింది.

"అన్నిటిని గీసినవ్," అన్నాడు కురుమయ్య చివరికి, కాస్త నిష్ఠూరంగా. "నన్నెందుకు గియ్యలే?"

"నువ్వు వాటెనకాల ఉన్నవ్ నాయినా. నీకు కనబడేదే గీసిన."

కురుమయ్య ఖాళీ పళ్లెం కేసి, గోడ కేసి మార్చి మార్చి చూశాడు.

"హనుమంతన్నా, గా బొమ్మల కాలేజికి నేను సుత రావాల్నా, పిల్లనొక్కదాన్నే రానిస్తరా?"