ముందే చెప్పిన సాక్ష్యం

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి పత్తి తీతలకూ మిరప కల్లాలకూ పోతున్న నా చేత మా పేటలోని టీచరమ్మగారు ఒక పరీక్షకు దరఖాస్తు పెట్టించారు. పద్దెనిమిదేళ్లు నిండి, ఆ ఒక్క అర్హత పరీక్ష గట్టెక్కితే చాలు, టెన్తూ ఇంటరూ లేకుండానే దూరవిద్యలో నేరుగా బీఏలో చేర్చుకుంటారట. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. అప్పటిదాకా మా మేనమామ ఆగేట్టు లేడు. నాన్న పోయాక ఇంటికి పెద్దదిక్కు ఆయనే, చర్చిలో సంఘ పెద్ద కూడా. నాకు సంబంధం చూసి పెట్టుకున్నాడు.

గుంటూరు వెళ్లి రాసొచ్చాను. అన్నీ టిక్కులు పెట్టే ప్రశ్నలే. లెక్కల్లో సగం గుడ్డిగా పెట్టానని అమ్మకు చెప్పాను కూడా. అయినా ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ అమ్మ లేచి నిలబడింది. జ్వరం తగ్గిందనో, కాన్పు సుఖంగా అయిందనో అందరి ముందూ దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునే సమయం అది. ఎవరైనా జరిగింది చెబుతారు. మా అమ్మ జరగనిది చెప్పింది.

"మా అమ్మాయి పరీక్ష పాసైందండీ. దేవుడికి స్తోత్రం."

"స్తోత్రం!" అన్నారు అందరూ. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికి రాగానే అరిచాను. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! రిజల్టే రాలేదు గదమ్మా, అట్టా ఎట్టా చెప్పావ్?"

"విశ్వాసమంటే అదేనే," అని ఉల్లిపాయలు తరుక్కుంటూ కూర్చుంది.

ఆ నెలన్నరా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కల్లంలో తాలుకాయలు ఏరుతుంటే పక్కనున్నవాళ్లు "ఏమే బీఏ, మంచికాయ తాలులో పడేస్తన్నావ్, చూసుకో!" అని ఆటపట్టించేవాళ్లు. నిజంగానే పడేసేదాన్ని. రోజుకు రెండుసార్లు టీచరమ్మగారి గుమ్మం తొక్కేదాన్ని. అమ్మ మీద కోపం మాత్రం తగ్గలేదు. ఫెయిలైతే నేనొక్కదాన్నే ఫెయిలవుతాను గదా, మధ్యలో దేవుణ్ణి కూడా నాతో పాటు ఫెయిల్ చేయించడమెందుకు?

ఫలితాలొచ్చాయని తెలిసిన పొద్దున్నే బస్సెక్కాను. స్టడీ సెంటరు గోడకు అంటించిన కాగితంలో నా నంబరుంది. వేలు పెట్టి మూడుసార్లు చూసుకున్నాను. తిరుగు బస్సులో కూడా కుదురుగా కూర్చోలేకపోయాను. అమ్మ "నేను చెప్పలా?" అంటుంది, ఏం జవాబివ్వాలా అని ప్రత్తిపాడు దాటిందాకా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

అమ్మ ఆ మాట అనలేదు. పాసయ్యానని చెప్పగానే గడప మీదే కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

"ఏడుస్తావేంటమ్మా? నీకు ముందే తెలిసినట్టు చెప్పావ్ గదా?"

"నాకేం తెలుసే," అంది వెక్కుతూ. "మీ మామ ఆ సోమవారమే ఆ సంబంధం వాళ్లకి మాటిచ్చేసేట్టున్నాడు. పాసైందని చర్చిలో అందరి ముందూ చెబితే ఇంక నోరెత్తలేడని, దేవుడింట్లో నిలబడి అబద్ధమాడానే."