వెనక్కి వచ్చిన ట్రేలు

2023, ఫిబ్రవరి నెల. అప్పటికి నేను స్టార్ హోటల్ ఉద్యోగం వదిలేసి, కంచరపాలెంలో రైలు పట్టాలకి రెండు వీధుల ఇవతల సొంత వంటగది పెట్టుకుని నాలుగేళ్ళయింది. పెళ్ళి భోజనాలు నేను చేయను. ఒక్క నోటికి సరిపోయే చిరుతిళ్ళు, హోటల్ భాషలో ఫింగర్ ఫుడ్, అదే నా పని. అందులోనూ ఇటాలియన్ రకాలు నా చేతిలో బాగా కుదురుతాయని విశాఖలో పేరుంది. ఈ మాట నేనే చెప్పుకుంటున్నాను. ఎవరో పొగిడేదాకా ఆగే ఓపిక నాకు మొదటినుంచీ లేదు.

ఇటాలియన్ అనగానే అదేదో బ్రహ్మవిద్య అనుకుంటారు. ఏమీ కాదు. రొట్టెను ఏటవాలుగా కోసి, పెనం మీద కరకరలాడేలా కాల్చి, పచ్చి వెల్లుల్లి రెబ్బతో రుద్ది, పైన టమాటా ముక్కలు పెడితే బ్రుషెట్టా. మెత్తగా ఉడికిన అన్నంలో చీజు, మిరియాలు కలిపి ఉండ చేసి, రొట్టెపొడి అద్ది వేయిస్తే అరాంచిని. మన పూర్ణాలకి దూరపు చుట్టం. పుల్లకి చిన్న టమాటా, మొజరెల్లా చీజు ఉండ, బేసిల్ ఆకు గుచ్చితే కప్రేసే. కష్టమంతా మా సముద్రపు గాలిలోని తేమతోనే. టమాటాలో గింజలు తీసేసి, ఉప్పు చల్లి, అరగంటసేపు చిల్లుల గిన్నెలో నీరు దించాలి. అంత చేసినా, రొట్టె మీదకి ఎక్కించిన పావుగంటలో తినకపోతే అది నానిన అట్టముక్కే.

ఒకరోజు సంధ్య అనే అమ్మాయి వాళ్ళమ్మ పైడమ్మగారిని వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చింది. సంధ్య ఒక షిప్పింగ్ ఆఫీసులో పనిచేస్తోంది. తండ్రికి సొంత పడవ ఉంది, ఇప్పటికీ వేటకి వెళ్తాడు. తనతో పనిచేసే వంశీ అనే అబ్బాయిని ఇష్టపడింది. వంశీ వాళ్ళది తణుకు వైపు ఊరు, తండ్రి స్టీల్ ప్లాంటు ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయన ఒప్పుకున్నాడు. తల్లి అన్నపూర్ణగారు మాత్రం అవుననలేదు, కాదనలేదు. "ఒకసారి వాళ్ళింటికెళ్ళి మనుషుల్ని చూసొచ్చి అప్పుడు చెబుతాను" అందట. వచ్చే ఆదివారం సాయంత్రం బంధువులతో వస్తోంది. అంటే ఆ రెండు గంటల మీదే ఈ పిల్ల పెళ్ళి ఆధారపడి ఉంది.

"చేపలొద్దు ఆంటీ" అంది సంధ్య. "చేపల వాళ్ళింటికెళ్తే చేపలే పెట్టారంటారు. కొత్తగా ఉండాలి."

పైడమ్మగారికి మొహం చిన్నబోయింది. "మా సేత్తో ఒండి ఎట్టకపోతే మర్యాదేటి తల్లీ? ఒచ్చినోలు ఏటనుకుంతారు?"

నేను మధ్యే మార్గం చెప్పాను. వాళ్ళ పడవలో వచ్చిన చిన్న రొయ్యల్ని వెల్లుల్లి వెన్నలో వేయించి రొట్టె మీద పెడతాను, అది కూడా ఇటాలియనే అన్నాను. తల్లీ కూతురూ ఇద్దరూ ఒప్పుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఇంకో మాట కూడా అన్నాను. "ఆరోజు మీరు ఏ పనీ ముట్టుకోవద్దమ్మా. పట్టుచీర కట్టుకుని దర్జాగా కూర్చోండి. మిగతాది నేను చూసుకుంటాను." నా మీద నాకు అంత నమ్మకం.

ఆదివారం నాలుగు గంటలకల్లా వాళ్ళ మేడ మీద షామియానా కింద నలభై కుర్చీలు వేశారు. మెట్ల పక్క గదిలో నేను స్టవ్ పెట్టుకున్నాను. పైడమ్మగారు ఒకసారి తొంగిచూసి బేసిల్ ఆకు వాసన చూశారు. "తులసమ్మని పుల్లకి గుచ్చీసారేటి? పాపం గాదా?" అన్నారు. ఇది తులసి కాదు, దాని విదేశీ చెల్లెలు అని చెప్పి, వెళ్ళి కూర్చోమన్నాను.

వడ్డనకి ముగ్గురు అమ్మాయిలున్నారు. ట్రే పట్టుకుని అతిథుల మధ్య తిరుగుతూ అందించడాన్ని పాస్ అరౌండ్ అంటారు. హోటల్లో పదకొండేళ్ళు నేను నేర్చుకున్నదీ, వీళ్ళకి నూరిపోసినదీ ఒకటే సూత్రం: ఒకసారి అడగండి, వద్దంటే నవ్వి పక్కకి జరగండి, అతిథిని బలవంతపెట్టడం మోటుతనం.

అయిదున్నరకి కాబోయే వియ్యాలవారు వచ్చారు. కాఫీలయ్యాయి. మొదటి విడత ట్రేలు పంపాను. అయిదు నిమిషాల్లో మూడూ వెనక్కి వచ్చాయి. మూడింటిలో కలిపి నాలుగు ముక్కలు తగ్గాయి, అవీ చిన్నపిల్లలు తీసుకున్నవి.

"అందరూ వద్దంతన్నారు మేడమ్" అంది గౌరి. ముగ్గురిలోనూ అదే పెద్దది.

ఉప్పు చూశాను. సరిగ్గానే ఉంది. రొయ్య నోట్లో వేసుకున్నాను, వెన్నలా ఉంది. రొట్టెలు మెత్తబడిపోతున్నాయని వాటిని పక్కన పడేసి, కొత్తవి కాల్చి రెండో విడత పంపాను. అవీ అలాగే తిరిగి వచ్చాయి. వేడి వేడి అరాంచిని వాసనకి నాకే నోరూరుతుంటే, అక్కడ నలభైమందిలో ఒక్కరూ ముట్టుకోరే! నా వంటని వద్దన్నారని ముందు కోపం వచ్చింది, ఆ తర్వాతే భయం వేసింది.

సంధ్య గదిలోకి వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "వాళ్ళకి నచ్చలేదు కదా ఆంటీ? అమ్మ చెప్పినట్టు చేయాల్సింది. నేనే పాడుచేసుకున్నాను."

మూడో విడత ట్రేతో గౌరిని పంపి నేనే వెనకాల వెళ్ళి షామియానా గుంజ పక్కన నిలబడ్డాను. గౌరి అన్నపూర్ణగారి ముందు వంగింది. "తీసుకోండి మేడమ్."

"వద్దమ్మా, ఇందాకేగా కాఫీ తాగేం" అంది ఆవిడ. అంటూనే ట్రేలో రొయ్యల వైపు చూసింది. చెయ్యి ఒడిలోంచి కొంచెం లేచింది కూడా. గౌరి నేను నేర్పినట్టే చక్కగా నవ్వి పక్క కుర్చీకి జరిగింది. ఆ చెయ్యి మళ్ళీ ఒడిలో పడింది.

ఆవిడ పక్కనున్న తన అక్కతో మెల్లగా అంది. "చూశావా అక్కా? ఇంకోమాటు అడగలేదు. పెట్టేవాళ్ళకి మనసుండాలిగా. మనం రావడం వీళ్ళకి ఇష్టం లేనట్టుంది."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఇటు వరసలో పైడమ్మగారి వాళ్ళెవరూ తినడం లేదు, వచ్చినవాళ్ళు తినకుండా ఇంటివాళ్ళు ఎలా తింటారు? అటు వాళ్ళు రెండోసారి అడగలేదని తినడం లేదు. మధ్యలో నా ట్రేలు ఊరేగుతున్నాయి. నేను మాత్రం ఎవరింటికైనా వెళ్తే మొదటిసారే చెయ్యి చాపుతానా? 'అబ్బే, ఇప్పుడే తినొచ్చాను' అంటాను. ఆకలితో కడుపు మాడుతున్నా అంటాను. పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతిని పదకొండేళ్ళ హోటల్ కొలువులో మర్చిపోయి, మర్చిపోవడాన్నే పనితనం అనుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

పైడమ్మగారు పట్టుచీరలో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, శిక్ష పడినట్టు కూర్చుని ఉన్నారు. వెళ్ళి చెవిలో చెప్పాను. "లేవండమ్మా. మీరే పెట్టాలి."

"నువ్వే గదా నన్ను కూకోమన్నావు?"

"తప్పు నాదే. తిట్టాలంటే తర్వాత తిట్టండి. ముందు లేవండి."

ఆవిడ లేచిన వేగం చూస్తే అంతసేపూ ఎలా కూర్చున్నారా అనిపించింది. కొంగు నడుముకి దోపి, ట్రే గౌరి చేతిలోనే ఉంచి, కాగితం ప్లేటులో రెండు రొయ్యల రొట్టెలు పెట్టుకుని నేరుగా అన్నపూర్ణగారి దగ్గరికి వెళ్ళారు.

"తీసుకోండి వదినగారూ."

"వద్దండీ, ఇందాకే..."

"ఇందాకేటి? కాఫీ నీల్లకి కడుపు నిండిపోద్దా? మా ఆయన పొద్దున్న సముద్రంలోంచి తెచ్చిన రొయ్యలివి. మీరు ముట్టకపోతే నాను ఇక్కడ్నించి కదల్ను."

"అయ్యో, ఒక్కటి చాలండి."

"ఒకటెట్టకూడదు. రెండూ తినాల. తినకపోతే నోట్లో ఎట్టీమంతారేటి?"

చుట్టూ నవ్వులు పుట్టాయి. అన్నపూర్ణగారూ నవ్వేసి ప్లేటు అందుకుంది. ఒకటి తిన్నది, ఆగింది, రెండోది తిన్నది. "ఆయ్, ఏంటండీ ఇవి? భలే ఉన్నాయే!"

"పేరు నాకు నోరు తిరగదు వదినా. మీకు నచ్చితే అదే సాలు."

నేను మెట్ల గదికి పరిగెత్తాను. ఆ తర్వాత ముప్పావుగంట తలెత్తలేదు. రొట్టెలు కాల్చడం, ఉండలు వేయించడం, పుల్లలు గుచ్చడం. పైడమ్మగారి తోడికోడళ్ళిద్దరు కూడా కొంగులు దోపుకున్నారు. మా అమ్మాయిలు ట్రేలు మోశారు, ఇంటి ఆడవాళ్ళు బతిమాలి పెట్టారు. కాసేపటికి బయటికి చూస్తే అన్నపూర్ణగారే ఒక ప్లేటు పట్టుకుని పైడమ్మగారి వెంట పడుతోంది. "అందరికీ పెట్టేరు, మీరు తిన్నారా? ముందిది తినండి. తింటేగానీ నేను ఊరుకోనండి." చివరికి నాకు రుచికి కూడా ఒక్క బ్రుషెట్టా మిగల్లేదు.

ఎనిమిది గంటలకి అందరూ లేచారు. మెట్ల దగ్గర అన్నపూర్ణగారు బొట్టు పెట్టించుకుని పైడమ్మగారి చెయ్యి పట్టుకుంది. "మరి మా ఇంటికెప్పుడొస్తారు వదినగారూ? వచ్చే ఆదివారం రండి, తాంబూలాల సంగతి మాట్లాడుకుందాం."

"ఇప్పుడెందుకులెండి వదినా, ఒండి ఎట్టాలంటే మీకు సెమ" అన్నారు పైడమ్మగారు.

నా పక్కనున్న సంధ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంతా చేసి అమ్మ కాదనేసిందనుకుంది పిచ్చిపిల్ల. ముందుకి వెళ్ళబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "ఆగవే. ఇంకో రెండుసార్లు అడగాలి."

అన్నపూర్ణగారు అడిగింది. పైడమ్మగారు తల అడ్డంగా ఊపారు. మళ్ళీ అడిగింది, ఈసారి 'రాకపోతే నా మీద ఒట్టే' అంది. "అంత మాటెందుకు, ఒస్తాం లెండి" అన్నారు పైడమ్మగారు. సంధ్య నా భుజం మీద తలపెట్టి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

ఆ సోమవారమే మా అమ్మాయిల్ని కూర్చోబెట్టి పాత సూత్రం చెరిపేశాను. కంపెనీల పార్టీలైతే ఒకసారి అడిగితే చాలు. ఇళ్ళల్లో అయితే మొదటి 'వద్దు' నమస్కారం లాంటిది, దాన్ని అందుకుని మళ్ళీ అడగాలి. మనం అడిగేకంటే ఇంటివాళ్ళ చేత అడిగించడం ఇంకా మంచిది. వంట నాది కావచ్చు, పెట్టే చెయ్యి మాత్రం వాళ్ళదే ఉండాలి.

కొత్తగా పనిలో చేరేవాళ్ళు తప్పకుండా అడుగుతారు. "మూడోసారి కూడా వద్దంటే ఏటి సెయ్యాల మేడమ్?"

"రెండు ముక్కలు ప్లేటులో పెట్టి, వాళ్ళ పక్కన ఉంచి వచ్చెయ్. కాసేపాగి ఖాళీ ప్లేటు తెచ్చుకుందువుగాని."