నరసింహప్ప చెవిలో సోలార్ మోత

2022 వేసవి. పావగడ బస్‌స్టాండు దగ్గర ఒక ల్యాబు పై అంతస్తులో నా గది. నేను ఆడియాలజిస్టుని. అంటే చెవి ఎంతవరకు వింటోందో కొలిచి, అవసరమైతే చెవి మిషన్ పెట్టేదాన్ని.

ఆ ఉదయం నరసింహప్ప, ఆయన భార్య గంగమ్మ వచ్చారు. ఇద్దరూ అరవై దాటినవాళ్లే. వాళ్ల పొలం సోలార్ పార్కుకు లీజుకిచ్చారు. ఆయన కూర్చోకముందే నా బల్ల మీద ఒక అర్జీ పరిచాడు. సోలార్ మిషన్ల మోతకు తన చెవులు చెడిపోయాయని తాలూకా ఆఫీసుకు రాసినది. ఊళ్లో చాలామంది సంతకాలు పెట్టారు. ఇక నాదే తక్కువ.

“చెవులు చూడకుండా ఎట్లా సంతకం పెట్టేది?” అని గట్టిగా అడిగాను.

“చూసేదేముండాది మేడమ్మా? గుయ్యిమని ఒకటే మోత. మా ఇంటికీ ఆ సోలార్ మిషన్ పెట్టెలకీ నడాన ఒక చేనే అడ్డం.”

“రాత్రిపూట కూడానా?”

“రాత్రయితే ఇంకా జాస్తి!”

ఎండ పోయాక సోలార్ మిషన్లకు పనేముంటుందని నాకు అనుమానం వచ్చింది.

“బెంగళూరుకు నా కూతురింటికి పోతే ఆడికీ వచ్చినాది” అన్నాడాయన.

“టికెట్టు లేకుండా బస్సెక్కినాదేమో” అంది గంగమ్మ. ఆయనకు వినబడలేదు.

ఆడియోమెట్రీ మొదలుపెట్టాను. హెడ్‌ఫోన్ తగిలించి సన్నని శబ్దాలు పంపిస్తాం, వినబడగానే బటన్ నొక్కాలి. ఆయన ఆపకుండా నొక్కుతూనే ఉన్నాడు.

“నేనింకా శబ్దం పెట్టలేదప్పా!”

“మీరు పెట్టకపోయినా అది పెడతానే ఉండాది కదమ్మా!”

బయట ఏ శబ్దమూ లేకున్నా చెవిలో మోత వినిపించడాన్ని టినిటస్ అంటారు. శబ్దాన్ని ఆపి ఆపి పంపి ఎలాగో పరీక్ష ముగించాను. రెండు చెవులూ సన్నని శబ్దాలను బాగా కోల్పోయాయి. ఈలోగా ఆయన నా బల్ల మీది నీళ్ల బాటిల్ మొత్తం తాగేశాడు. రెండుసార్లు ఒంటేలుకని లేచి వెళ్లాడు.

“ఇంట్లోనూ ఇంతేనా?” అని గంగమ్మను అడిగాను.

“ఆయనకు తాగను కడవ సాలదు, పోను బాత్రూము సాలదు” అందామె.

కింది ల్యాబులో షుగరు చూయించమన్నాను. మూడొందలు దాటింది. నరసింహప్ప మండిపడ్డాడు. “నేను సూది మందు ఎరగను. మీ మిషనే చెడిపోయుండాది!” గంగమ్మ అదే మిషన్‌కు తన వేలు చాపింది. ఆమెది మామూలుగానే ఉంది.

షుగరు చాలాకాలం అదుపు తప్పితే లోపలి చెవిలోని సన్నని రక్తనాళాలు, నరాలు దెబ్బతినవచ్చని, వయసు కూడా దానికి తోడవుతుందని నిదానంగా చెప్పాను. ఆయన అర్జీ వైపు చూశాడు. ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించిన మనిషి. ఇప్పుడు ఏ ముఖంతో పోవాలి?

చివరికి గొంతు తగ్గించి, “మేడమ్మా, సోలార్ వల్లనే షుగరు వచ్చినాదని రాసిస్తారా?” అన్నాడు.

నవ్వు ఆపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకున్నాను. గంగమ్మ మాత్రం నవ్వలేదు. అర్జీని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుని, ఆయన్ని డాక్టరు దగ్గరికి నడిపించుకుపోయింది.

నాలుగు నెలలకు షుగరు దారికొచ్చింది. మోత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పోయిన వినికిడి తిరిగి రాలేదు. చెవి మిషన్ పెట్టి, ఏదైనా మాట్లాడమని గంగమ్మకు సైగ చేశాను.

“కాఫీ తాగొద్దామా?” అందామె మెల్లగా.

ఆయన తల తిప్పి ఆమెను వింతగా చూశాడు. “ఇంత మెత్తగా కూడా మాట్లాడతావేమే? ఇన్నేండ్లూ నా మింద కోపంగా ఉండావనుకుంటి.”

“కోపమా? అరిచీ అరిచీ నా గొంతు పాయె” అంటూ ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

షుగరుకూ చెవికీ ఉన్న సంబంధం నేను కాలేజీలో చదివిందే. అయినా అప్పటిదాకా చెవి దగ్గరే ఆగిపోయాను, మనిషిని అడగలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా మొదట షుగరు ఎప్పుడు చూయించుకున్నారని అడుగుతాను. చెవికని వస్తే ఒంటేలు సంగతి అడుగుతుందేందీమె అని కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. పక్కనున్న ఇల్లాలు జవాబు చెప్పేస్తుంది.