బ్యూరెట్టక్క జవాబు

మా యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో గాజు సామాను కడిగి, తుడిచి అలమరలో పెట్టే అటెండరుని అందరూ బ్యూరెట్టక్క అనేవాళ్ళు. యాసిడ్ కొలిచి వదిలే గాజు గొట్టం బ్యూరెట్టులా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆకారం బ్యూరెట్టే గానీ మాట మాత్రం చుక్కలు చుక్కలుగా రాదు, కుండపోతే.

మేం ఫస్టియర్లో చేరిన మూడో వారం. ప్రాక్టికల్ అయిపోయి అందరం బయటపడుతున్నాం. నా పక్క బెంచి అమ్మాయి సింకు దగ్గర నిలబడి, కడిగిన ఫ్లాస్కునే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది.

"అరిగిపోతుందే తల్లీ. ఏంటి సంగతి?" అంది అక్క.

"రేపు ఇంటికి వెళ్ళిపోతున్నానక్కా. పెట్టె సర్దేశాను."

ఆ పిల్లకి ఇంగ్లీషు పాఠాలు ఒక్క ముక్క ఎక్కడం లేదు. హాస్టల్ గదిలో మిగతా ఇద్దరూ పాత స్నేహితులు, ఈమెను పట్టించుకోరు. కాంటీన్‌లో కిటికీ వైపు టేబుళ్ళు సీనియర్లవట. ఫస్టియర్లు అక్కడ కూర్చోకూడదట. ఆ రూలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. మిగతా టేబుళ్ళు నిండిపోతే మెట్ల మీదే అన్నం. నిజానికి నేనూ అక్కడే తినేవాణ్ణి. ఆమె పై మెట్టు మీద, నేను కింద మెట్టు మీద. ఒక్కరోజూ పలకరించుకోలేదు.

అక్క ఆ ఫ్లాస్కు అందుకుని కుళాయి కట్టేసింది. ఆవిడ కూతురూ వేరే కాలేజీ నుంచి ఇలాగే మొదటి ఏడాదే పెట్టె పట్టుకుని వచ్చేసిందని మాకు తర్వాత తెలిసింది. అక్క ఆరోజు చెడామడా తిట్టిందే తప్ప, ఎందుకొచ్చేశావని అడగలేదు. అడిగేసరికి నాలుగేళ్ళు గడిచాయి. "అక్కడ నన్ను పలకరించిన దిక్కు లేదమ్మా," అందట కూతురు, కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా.

"వెళ్దువుగానీ, రేపొక్క పూట ఆగు," అంది అక్క.

మర్నాడు మధ్యాహ్నం మెట్ల మీద తినే మా ఆరుగురిని వెంటేసుకుని, నీలం కోటు కూడా విప్పకుండా కాంటీన్‌కి వచ్చింది. తిన్నగా కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చోబెట్టింది. ఒక సీనియర్ లేచి వచ్చాడు.

"అక్కా, ఇవి మా టేబుళ్ళు."

"మీ ఇంటి నుంచి మోసుకొచ్చావా నాయనా?"

చుట్టూ నవ్వులు. అతను ఎర్రబడ్డాడు. అక్క గొంతు తగ్గించింది. "పోయినేడాది చేతి మీద యాసిడ్ ఒలకబోసుకుని గుక్కపట్టి ఏడ్చావు. కుళాయి కింద నీ చెయ్యి పట్టుకున్నది ఎవరు? అప్పుడు నువ్వు ఏ ఇయరో అడిగానా?"

అతను వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి మాకు మంచినీళ్ళ జగ్గు తెచ్చిపెట్టాడు.

ఆ వారమే అక్క ల్యాబ్ తలుపు మీద కాగితం అంటించింది: 'నాలుగు నుంచి ఐదు వరకు. ఏదైనా అడగొచ్చు. వెక్కిరించేవాళ్ళు రావద్దు.' అక్క కెమిస్ట్రీ చెప్పలేదు. పాఠం అర్థం కాకపోతే మాస్టార్ని ఎలా ఆపాలో నేర్పింది. "సార్, ఇంకోసారి చెప్పండి" అని ఒక్కొక్కర్నీ నిలబెట్టి, గొంతులో బెరుకు పోయేదాకా అనిపించింది. ఇన్నేళ్ళుగా పాఠాలు వింటూ ఇంగ్లీషు మాటలకి తనకోసం అర్థాలు రాసుకున్న నోటు పుస్తకం మా ముందు పెట్టింది. సింకు దగ్గరి అమ్మాయి పెట్టె మళ్ళీ మంచం కిందికి పోయింది.

నెల తిరక్కుండా అక్కకి మెమో వచ్చింది. 'బోధనేతర సిబ్బంది బోధన చేయరాదు.' అక్క జవాబు తనే రాసింది: 'నేను పాఠం చెప్పడం లేదు. భయం పోగొడుతున్నాను. ఆ పని ఎవరిదో రూల్సులో చూపించండి, ఆరోజే మానేస్తాను.'

డిపార్ట్‌మెంటు హెడ్డు సారు పిలిపించారు. "మీరూ రండి, సాక్ష్యం," అని నన్నూ ఆ సింకు దగ్గరి అమ్మాయినీ తీసుకెళ్ళింది.

"నువ్వు చదివింది టెన్త్. పిల్లలకి నువ్వేం చెప్తావ్?" అన్నారాయన.

"అవును సార్. అందుకే ఏది అర్థం కాదో నాకు బాగా తెలుసు."

"క్షమాపణ రాసివ్వు, మెమో తీసేస్తాను."

"తప్పు చేసుంటే రాసేదాన్ని సార్."

 అక్క నమస్కారం పెట్టి మమ్మల్ని బయటికి తీసుకొచ్చింది.

సోమవారానికల్లా అక్కని భవనం వెనక స్టోర్ రూముకి మార్చేశారు. గాలి ఆడదు, నిండా అట్టపెట్టెలు. మేం అక్కడికే వెళ్ళాం. మొదట ఆరుగురం, పరీక్షలనాటికి నలభై మంది. ఆ అమ్మాయి ఒక పేపరు తప్పింది. రెండు రోజులు ఏడ్చింది, మూడో రోజు స్టోర్‌లో కూర్చుని మళ్ళీ చదివింది, సప్లిమెంటరీలో గట్టెక్కింది.

మరుసటేడు హెడ్డు సారే విద్యార్థి మార్గదర్శక కేంద్రమని బోర్డు కట్టించారు. పదకొండు నుంచి పన్నెండు దాకా తెరిచేవారు. అందరూ క్లాసుల్లో ఉండే వేళ! అక్క మీద మెమో ఫైల్లోనే ఉంది, ఇంక్రిమెంటూ ఆగింది.

కొత్త ఫస్టియర్లు వచ్చిన మొదటి సోమవారం, నాలుగింటికి, స్టోర్ గుమ్మం దాకా జనం. అక్క అట్టపెట్టెలు వరండాలోకి చేరవేస్తోంది. మేమూ చెయ్యేశాం. హెడ్డు సారు అటుగా వచ్చారు.

"ఇవన్నీ ఎవర్నడిగి బయట పెడుతున్నావ్?"

"పిల్లలకి చోటు చాలడం లేదు సార్. కాస్త పక్కకి జరుగుతారా?" అంది అక్క, చేతిలో పెట్టె దించకుండా.

ఆయన జరిగారు.