తొమ్మిది అమావాస్యల పట్టిక

మా తమ్ముడు పోయిన కబురు ఆదోని బస్సులోనే వచ్చింది. ఆ డ్రైవరు రోజూ ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు హారన్ కొట్టి పోయేవాడు. ఆ పొద్దున కొట్టలేదు. బస్సు ఆపి దిగి వచ్చి, "అమ్మా, మా మేస్త్రీ పోయినాడు. జరమొచ్చి మూడు దినాలే" అన్నాడు. నేటికి పద్దెనిమిది రోజులు.

తమ్ముడు ఆదోనిలో బస్సుల షెడ్డులో మెకానిక్. మద్రాసు నుంచి వచ్చే సామాన్లకు చుట్టిన ఇంగ్లీషు పత్రికల కాగితాలు సాపుచేసి తెచ్చి నాతో చదివించుకునేవాడు. బడిలో పాఠాలు చెప్పినదాన్ని కనుక ఆ పని నాది. ఒకసారి అందులో పందెపు కారు బొమ్మ వచ్చింది. ఒక్కడే కూర్చునే బండి, నాలుగు చక్రాలూ ఒంటికి బయటే.

"సూడక్కా, ఎద్దుకాళ్ళ మాదిరి అన్నీ కనపడతాండాయి. యా చక్రం జారిందో గట్టున నిలబడినోనికి గూడా తెలుస్తాది" అని మురిసిపోయాడు.

ఆనాటి నుంచి మా వైపు దారుల్లో అలాంటి పందేలు జరపాలని పట్టుకున్నాడు. బండలాగుడు పందేల్లో ఎడ్లను నోట్లో పండ్లు చూసి వరసలు చేసినట్టు, ఇంజను వయసును బట్టి కార్లకు వరసలు కట్టాడు. అన్నానికి పిలిస్తే నేలమీద సుద్దతో ఆదోని, ఎమ్మిగనూరు, నందవరం దారి గీసి చింతగింజలు పరుగెత్తించేవాడు. చేతులు కడుక్కోమని గద్దిస్తే, "ఈ మలుపు తిరిగినాక, అక్కా" అనేవాడు.

నల్లరేగడి వానకు చక్రాలను పట్టేస్తుందని మూడు నెలలు వదిలేశాడు. మిగిలిన తొమ్మిది నెలలకు తొమ్మిది పందేలు. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ఆ పట్టిక సాపు రాయమని తెచ్చాడు. చూస్తే అన్నీ అమావాస్యలే.

"అమావాస్యనాడు కొత్తబండి తీస్తావేమిరా? మతి ఉండేదేనా?"

"ఆ దినం ఎద్దులకు కాడి కట్టరు గదక్కా. దావన ఒక్క బండి గూడా ఉండదు."

"అట్లయితే ఇంకెవరిచేతనైనా రాయించుకోపో."

తల గోక్కున్నాడు. "నీ అచ్చరం లేకుంటే ఈ పందేన్ని యవరు నమ్ముతారులే. నీ ఇష్టం."

తొమ్మిదీ తీసేసి విదియలు వేశాను. గుండ్రని అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా.

షెడ్డులో పడేసిన సామాన్లతో తాను చేసుకున్న కారును మొదటి విదియనాడు బయటికి తీశాడు. ఆదోని దాటిన మలుపులో పత్తిబండ్ల వరస ఎదురైంది. ఎద్దులను తప్పించబోయి కారుతో సహా గుంతలో పడ్డాడు. ఎద్దులకు గీత పడలేదు. అతని కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

ఆ పత్తిబండ్లు తోలినవాళ్ళలో ఒకాయన ఆసుపత్రికి వచ్చి మంచం దగ్గర కూర్చున్నాడు. "రెండు దినాలు ముందర వచ్చింటే దావంతా నీదే గదప్పా! మా ఎద్దులు కొట్టంలో పండుకోనుండె."

నేను పక్కనే ఉన్నాను. తమ్ముడు నా వైపు చూడలేదు.

"అమావాస్యంటే బయపడితినిలేన్నా" అన్నాడు.

ఊరు అతన్ని దుడుకువాడంది. నేను కాదనలేదు. తప్పు చేస్తే ఒప్పుకోవాలని పిల్లలకు బెత్తం పట్టి నేర్పినదాన్ని.

తర్వాత కట్టెకాలుతోనే షెడ్డుకు పోయాడు. "కొలత తప్పితే మళ్ళా కొలుచుకుంటాం, అంతే గదా" అనేవాడు. ప్రతి ఉగాదికీ కొత్త పంచాంగం చంకన పెట్టుకుని వచ్చి, "ఈ తూరి అమావాస్యలు రాసీక్కా" అని అడిగేవాడు. చూద్దాంలే అనేదాన్ని. రాస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టే. అట్లా నాలుగు ఉగాదులు దాటించాను.

నిన్న అమావాస్య. తొమ్మిదీ రాశాను. ఆనాడు తిథులు మార్చింది నేనేనని అడుగున రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం పట్టుకుని ఆదోని దారిన ఊరి చివరిదాకా నడిచాను. పక్క కొట్టంలో ఎద్దులు పడుకుని నెమరు వేస్తున్నాయి. కాడి గోడకు ఆనించి ఉంది. కనుచూపు మేర దారంతా ఎండలో తెల్లగా, ఖాళీగా ఉంది.